చంద్రుడి మీద ఎగిరిన పైట

మొన్న ఆదివారం పొద్దున్నే మా చిన్నమ్మాయి ఫోను తీసుకొచ్చి నా ముక్కుకి ఆనించినంత పని చేసింది. "నాన్నా, ఇది నువ్వు వేసిందేనా? కింద మూల సంతకం నీదిలాగే ఉంది" అంది.

కళ్ళజోడు వెతుక్కుని చూశాను. చంద్రమండలం. దాని మీద ఓ అమ్మాయి పట్టుచీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని నిలబడి ఉంది. పైట బారెడు మేర ఎగురుతోంది. తల చుట్టూ నీలం గీతతో ఓ గుండ్రం. వెనకాల రాకెట్టు. ఆ రాకెట్టుకి తలుపు, తలుపుకి గొళ్ళెం, గడపకి పసుపూ కుంకుమ బొట్లూ. సందేహం లేదు, వేసింది నేనే.

పాత సైన్సు నవలల అట్టలు పెట్టుకుని నవ్వుకునే గుంపు ఒకటుందట ఫోన్లో. అమ్మాయి చదివి వినిపించింది. "గడపకి పూజ చేశాకే బయల్దేరినట్టున్నారు" అని ఒకడు. "తలకి తగిలించింది చేపల తొట్టా అండీ?" అని ఇంకొకావిడ. నేనూ కడుపు పట్టుకుని నవ్వాను. ఆ తర్వాత ఎవరో "చంద్రుడి మీద గాలి ఎక్కడిదిరా నాయనా?" అన్నారు. అక్కడ నా నవ్వు ఆగిపోయింది. "కింద ఇంకా బోలెడున్నాయి, తర్వాత చదువుతాలే" అంటూ స్టవ్ మీద పాలు గుర్తొచ్చి అది లోపలికి పరుగెత్తింది.

అబ్బాయిలూ, అమ్మాయిలూ, మీరు నవ్వితే నాకేం కోపం లేదు. నవ్వు రాకపోతే ఆశ్చర్యపడాలి గానీ. అయితే ఆ పైట దగ్గరా, ఆ నీలం గుండ్రం దగ్గరా ఒక పెద్దమనిషి పరువు పోయేంత పనైంది. ఆ సంగతి మీకు చెప్పాలి.

రాజమండ్రిలో ఓ ప్రచురణకర్త దగ్గర అట్టలు వేసే ఆర్టిస్టుగా ఉద్యోగ జీవితమంతా గడిపాను. కింద ప్రెస్సు, మేడమీద నా బల్ల, పోస్టర్ రంగులు, కుంచెలు. నాది పుర్రచెయ్యి. "ఎడమచేత్తో వేస్తావు కాబట్టే నీ రాకెట్లన్నీ ఎడం పక్కకి ఒరుగుతాయయ్యా" అనేవారు మా యజమాని. నిజమే, ఒరిగేవి.

మా దగ్గర అట్ట ముందు, కథ తర్వాత. ఆర్టిస్టు కథ చదవకూడదని మా యజమాని గారి సిద్ధాంతం. "చదివితే ఆలోచిస్తావ్. ఆలోచిస్తే ఆలస్యం చేస్తావ్" అనేవారు. చదవాలని నాకూ అంత ఉబలాటం లేదు లెండి. ఓ చీటీ ముక్క మీద ఆయన నాలుగు మాటలు రాసి పంపేవారు. వాటిని బట్టి బొమ్మ వెయ్యడమే. వందల అట్టలు వేశాను, వాటి లోపల ఏముందో నాకు తెలియదు. సిగ్గులేకుండా చెబుతున్నానని అనుకోకండి. సిగ్గు సంగతి ముందుంది.

సైన్సు నవలలు బాగా ఆడుతున్న రోజులవి. నేనేమో రాకెట్టుని ఎదురుగా చూసిన వాణ్ణి కాదు. మా అత్తారిది సామర్లకోట. రైల్లోంచి కనబడే చక్కెర ఫ్యాక్టరీ గొట్టమే నాకు రాకెట్టు. మరమనిషిని వెయ్యమంటే మా ఇంట్లో ఇనప బీరువాకి కాళ్ళు తగిలించి, తలకాయ చోట ప్రెషర్ కుక్కర్ పెట్టాను. విజిల్ కూడా వదల్లేదు. వేరే గ్రహం నుంచి దిగిన వింత జీవిని వెయ్యమంటే భీమవరం నుంచి తెప్పించిన టైగర్ రొయ్యని ప్లేటులో పెట్టుకుని, భూతద్దంలో చూసి, దాన్ని మేడంత చేసి వేశాను. నవల చదివి పాఠకులు భయపడ్డారో లేదో గానీ, భీమవరం నుంచి ఓ రొయ్యల రైతు ఉత్తరం రాశాడు. "మీ రాక్షసుడికి కాళ్ళు రెండు తక్కువేశారండి, సరి చూసుకోండి" అని. దాన్ని చాలా రోజులు గోడకి అంటించుకున్నాను.

అలా ఉండగా ఓ చీటీ వచ్చింది. "చంద్రుడు. ఆడపిల్ల. రాకెట్టు. ముఖం బాగా కనబడాలి. దిగులుగా ఉండకూడదు."

అంతే. రెండు రోజుల్లో వేసేశాను. చేతులు వెయ్యడం నాకెప్పుడూ బద్ధకమే, అంచేత జాకెట్టుకి మణికట్టు దాకా పొడుగు చేతులు పెట్టాను. పైట కిందికి వేలాడదీస్తే అమ్మాయి ఏడుపుగొట్టుగా కనబడింది. ఎగరేశాను. తస్సదియ్యా, బొమ్మకి ప్రాణం వచ్చింది! యజమాని గారు చూసి "బాగుందయ్యా" అన్నారు. ఆయన నోట ఆ మాట ఏడాదికోసారి వస్తే గొప్ప.

అట్టలు ఒక్కొక్కటే అచ్చు వెయ్యరు. ఒక పెద్ద షీటు మీద నాలుగు పుస్తకాల అట్టలు కలిపి వేసి తర్వాత కోస్తారు. మా చంద్రమండలం పక్కన ఒక దెయ్యాల నవల, ఒక డిటెక్టివ్ నవల, మూలన ఒక వంటల పుస్తకం పడ్డాయి. నాలుగు రంగులూ అయిపోయి షీట్లు ఆరుతుండగా ఆ నవల రాసినాయన ప్రెస్సులోకి వచ్చారు.

పెనుగొండ దగ్గర ఓ ఊళ్ళో హైస్కూలు సైన్సు మాస్టారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. రాసింది అదొక్కటే నవల. చంద్రుడి మీద అద్దాల గదిలో వరి నారు పోసిన ఓ డెల్టా అమ్మాయి కథట. ప్రతి వాక్యం సైన్సుకి తగ్గట్టు ఉండాలని ఏళ్ళ తరబడి సరిచూసుకుని రాశారట. ఆ నెలాఖరుకే ఆయన రిటైర్మెంటు. వీడ్కోలు సభలో పదో తరగతి పిల్లలందరికీ తలో పుస్తకం తన చేత్తో ఇవ్వాలని ఆయన కోరిక. ఇవన్నీ మా మెషిన్‌మేన్‌కి చెప్పుకుంటూ సంబరంగా లోపలికి వచ్చి, నన్ను చూసి "మా అట్ట వేసింది మీరేనాండీ?" అని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. నాకు ఒళ్ళు పొంగిపోయింది. షీటు తీసి ఆయన ముందు పరిచాను.

ఆయన చాలాసేపు చూశారు. కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఈవిడ ఎవరండి?"

"మీ హీరోయినండి."

"ఊపిరి ఎలా పీలుస్తోందండి?"

నాకు అర్థం కాలేదు. "ముక్కుతోనేనండి" అన్నాను.

మెషిన్‌మేన్ అటు తిరిగి దగ్గాడు. నవ్వు దాచుకోడానికి అతను చేసే పని అది.

"ఆ పైట ఎందుకు ఎగురుతోందండి?" అన్నారు మాస్టారు, గొంతు ఇంకా తగ్గించి.

"గాలికండి."

"ఏ గాలికండి?"

అప్పుడు వెలిగింది నాకు. ఎప్పుడో బళ్ళో చదివిన ముక్క గుర్తొచ్చి చెవులు వేడెక్కిపోయాయి. ఆయన కోప్పడితే బాగుండేది. స్టూలు మీద కూర్చుని కాసిన్ని మంచినీళ్ళు అడిగారు.

"ముప్ఫయ్యేళ్ళ నుంచి చెబుతున్నానండి, చంద్రుడి మీద గాలి లేదూ అని. ఒకసారి ఓ కుర్రాడు చంద్రుడి మీద గాలిపటం ఎగురుతున్నట్టు బొమ్మేశాడు. వాణ్ణి పీరియడంతా బెంచీ ఎక్కించాను. వాడిప్పుడు మా స్కూల్లోనే తెలుగు మాస్టారండి. ఆ సభలో వేదిక మీద నా పక్కనే కూర్చుంటాడు."

యజమాని గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన షీటు చూడను కూడా చూడలేదు. "ఒక్క అట్ట కోసం నాలుగు పుస్తకాల షీటు మళ్ళీ వెయ్యమంటారేంటండీ? అట్ట కాగితం దొరకడమే గగనంగా ఉంది. అయినా సైన్సు ఎవరిక్కావాలండి, పిల్ల లక్షణంగా లేదూ?" అన్నారు.

మాస్టారు లేచి నిలబడ్డారు. "అయితే నా పేరు తీసేయించండి. పుస్తకం మీరు వేసుకోండి. పిల్లలకి మాత్రం నేనివ్వలేను" అని గొడుగు పట్టుకుని బయటికి వెళ్ళిపోయారు.

ముప్ఫయ్యేళ్ళ పాఠం, ఉన్న ఒక్కగానొక్క పుస్తకం, ఉద్యోగంలో ఆఖరి రోజు. మూడూ నా ఒక్క కుంచె దెబ్బకి గంగలో కలిశాయి. ఓ షీటు లోంచి మా అట్ట ముక్క కోసుకుని చంకలో పెట్టుకుని ఆయన వెనకాల పరుగెత్తాను. బస్‌స్టాండ్ వైపు నడుస్తున్నారు. "మాస్టారూ, భోజనం వేళ దాటిపోయిందండి, కాస్త టిఫినైనా చేసి వెళ్దురు గాని రండి" అని దాదాపు చెయ్యి పట్టుకుని పక్కనున్న హోటల్లోకి లాక్కెళ్ళాను.

పెసరట్టు ఉప్మా చెప్పాను. ఆయన ఓ ముక్క తుంచారు గానీ నోట పెట్టుకోలేదు. నేను అట్ట బల్ల మీద పెట్టి తల దించుకున్నాను.

"అసలు ఎందుకు ఎగరేశారండి ఆ పైట?" అన్నారు ఆయన. తిట్టడానికి కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగారు.

"చెబితే నవ్వుతారండి. కిందికి వేలాడదీస్తే పిల్ల దిగులుగా ఉన్నట్టనిపించిందండి. అంత దూరం ఒక్కత్తీ వెళ్ళిందయ్యే. అక్కడైనా కాస్త సంతోషంగా కనబడాలి కదాండి."

ఆయన నా వైపు అదోలా చూశారు. నేను ఇంకా ఏదో ఒకటి మాట్లాడాలని, "అయినా మాస్టారూ, చంద్రుడి మీద అమెరికావాళ్ళు పాతిన జెండా విప్పారే ఉంది కదండి ఫోటోలో? అదెలా విప్పారిందండి మరి?" అన్నాను.

"అది గాలికి కాదండి. జెండా పైఅంచులో అడ్డంగా కడ్డీ దూర్చారు. అంచేత..." అంటూ పాఠం మొదలుపెట్టిన మనిషి టక్కున ఆగిపోయారు. పెసరట్టు ముక్క చేతిలోనే ఉంది. "కడ్డీ" అన్నారు మళ్ళీ, తనలో తను. "పైటలో కూడా సన్నటి తీగ పెట్టి కుట్టొచ్చు. ఫోటో కోసం. చెల్లుతుందండి. సైన్సుకి చెల్లుతుంది!"

ఆయన ముఖం విచ్చుకోవడం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే మళ్ళీ వాడిపోయింది. "మరి ఊపిరో? అంతరిక్షం సూటు మీద చీర చుట్టుకుందని రాస్తాననుకోండి, జాకెట్టు చేతులు పొడుగ్గానే ఉన్నాయి, సరిపోతుంది. తలకి ఏమీ లేదే?"

సర్వర్ రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చాడు. చోటు లేక ఒక గ్లాసు అట్ట మీదే పెట్టాడు. నేను హడావుడిగా గ్లాసు ఎత్తేసరికి దాని అడుగు తడి గుండ్రంగా పడింది. ఎక్కడో కాదు, సరిగ్గా అమ్మాయి తల చుట్టూ. ఇద్దరం ఆ గుండ్రం వంక చూశాం.

"గాజు బుర్రండి!" అని అరిచాను. హోటలంతా మా వైపు తిరిగింది. "ఒక్క గీత చాలండి. ఒక్క నీలం గీత!"

డబ్బులు బల్ల మీద పెట్టి కాఫీ కూడా తాగకుండా ప్రెస్సుకి పరుగెత్తాం. పంచె ఎగ్గట్టుకుని ఆయన నాకంటే ముందున్నారు. యజమాని గారు "మళ్ళీ షీట్లన్నీ మెషినెక్కించాలా?" అని కళ్ళెర్రజేశారు. అప్పుడు మెషిన్‌మేన్ అడ్డుపడ్డాడు. "మెషిన్‌లో ఎలాగూ నీలం సిరానే ఉందండి. కడగక్కర్లేదు. ఒక్క గుండ్రమేగా, సాయంత్రానికల్లా లాగించేస్తాను." యజమాని గారు ఎంత గట్టిగా గొణుక్కుంటే అంత ఒప్పుకున్నట్టు లెక్క. గట్టిగానే గొణుక్కున్నారు.

లోపలి పేజీలకీ అదృష్టం కలిసొచ్చింది. పదహారు పేజీలు ఒక ఫారం. మొదటి రెండు ఫారాలు అచ్చయిపోయాయి గానీ మూడోది ఇంకా మెషినెక్కలేదు. అందులో నలభై ఏడో పేజీ మొత్తం చంద్రుడి మట్టిలో ఏయే ఖనిజాలున్నాయో చెప్పే భాగమట. దానికోసం ఏడాదిపాటు లైబ్రరీల చుట్టూ తిరిగానని మాస్టారే చెప్పారు. ఆ పేజీని తన చేత్తోనే అడ్డంగా కొట్టేశారు. అక్కడే స్టూలు మీద కూర్చుని, ఒక్క పేజీకి సరిగ్గా సరిపోయేటట్టు కొత్త సంగతి రాశారు. రాస్తూ రాస్తూ రెండు మూడుసార్లు తలెత్తి నా వంక చూశారు. నేను అచ్చు ప్లేటు మీదకి గుండ్రం దింపే హడావుడిలో ఉన్నాను.

కొన్ని షీట్లు మెషిన్‌లోకి తల్లకిందులుగా వెళ్ళాయి. వాటిల్లో గుండ్రం ఎదురు మూలనున్న వంటల పుస్తకం మీద పడింది. గుత్తివంకాయకి గాజు బుర్ర తగిలించిన ఆ వంటల పుస్తకాలు కొన్ని జిల్లాలోని ఇళ్ళకి చేరే ఉంటాయి. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. మా చంద్రమండలం అట్టలు మాత్రం ఆ మేరకి తగ్గిపోయాయి. బజారుకి పంపినవి పోగా పిల్లలకి సరిపడా లెక్కకి లెక్క మిగిలాయి.

వీడ్కోలు సభకి పుస్తకాల కట్టలు బస్సులో వేసుకుని నేనే వెళ్ళాను. హైస్కూలు ఆవరణలో షామియానా. మాస్టారు ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి పుస్తకం ఇచ్చారు. నేను వెనక వరసలో బల్లచివర కూర్చున్నాను. పంపకం అయ్యాక, వేదిక మీద ఆయన పక్కనున్న తెలుగు మాస్టారు మైకు అందుకున్నాడు. బుగ్గన నవ్వు దాచుకుంటూ, "గురువు గారూ, గాలిపటం ఎగరేసినందుకు నన్ను బెంచీ ఎక్కించారు. మరి ఈవిడ పైట సంగతేంటండి?" అన్నాడు.

పిల్లలు గొల్లుమన్నారు. నేను ముందువాడి వీపు వెనక తల దాచుకున్నాను.

మాస్టారు తొణకలేదు. "నలభై ఏడో పేజీ తియ్యండర్రా" అన్నారు, క్లాసులో అన్నట్టే.

ఒక్కసారిగా అన్ని పుస్తకాల్లో పేజీలు తిరిగిన చప్పుడు. అందరూ తలలు వంచి చదివారు. ముందు ఒక పిల్ల నవ్వింది, తర్వాత మరొకరు, చివరికి షామియానా అంతా చప్పట్లు. తెలుగు మాస్టారు పుస్తకం మూసి, బెంచీ కనబడక, తను కూర్చున్న కుర్చీ ఎక్కి నిలబడి దణ్ణం పెట్టాడు. ముప్ఫయ్యేళ్ళ పాఠం నిలబడింది. నేను కళ్ళు తుడుచుకున్నాను, అబద్ధం చెప్పడం ఎందుకు.

అబద్ధం ఆ తర్వాత చెప్పాను. సభ అయ్యాక మాస్టారు జనాన్ని తప్పించుకుని నా దగ్గరికి వచ్చారు. "మీరు చదివారాండి, నలభై ఏడు?" అన్నారు.

చదవలేదు. నా చేతిలో పుస్తకం లేదు. ఉన్నా చదివేవాణ్ణి కాదేమో. తీగ సంగతి హోటల్లో అనుకున్నదేగా, చదవడానికి ఇంకేముంటుంది అనుకున్నాను. "చదివానండి. చాలా బాగుందండి" అనేశాను.

ఆయన ఇంకేదో వింటానన్నట్టు కాసేపు అలాగే నిలబడ్డారు. నేను పళ్ళికిలించి ఊరుకున్నాను. "సరేలెండి" అని, నా ఎడమచెయ్యి తన చేతిలోకి తీసుకుని రెండుసార్లు తట్టి వెళ్ళిపోయారు. కుడిచెయ్యి వదిలేసి ఎడమదాన్ని ఎందుకు పట్టుకున్నారో బస్సులో కాసేపు ఆలోచించి మర్చిపోయాను. మళ్ళీ ఆయన్ని చూడలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ నవల రెండోసారి అచ్చు పడలేదు.

ఇక మొన్నటి ఆదివారానికి వస్తాను. పాలు దించి అమ్మాయి మళ్ళీ వచ్చి కూర్చుంది. "నాన్నా, ఇక్కడ ఓ పెద్దాయన ఏదో పేజీ ఫోటో పెట్టారు" అంది. గాలి ఎక్కడిదని అడిగినవాడికి ఆయన ఇలా జవాబిచ్చాడు: "బాబూ, నవ్వే ముందు పేజీ తియ్యాలి. మా మాస్టారు నేర్పింది అదే. ఇట్లు, బెంచీ ఎక్కినవాడు." కింద ఫోటో. పసుపెక్కిన కాగితం. నలభై ఏడు.

అమ్మాయి అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చింది. నేనే చదువుకున్నాను.

"ఫోటో రోజున సూటు మీద కట్టుకోడానికి చీర తీసుకెళ్తానని ఆమె పట్టుబట్టింది. బయల్దేరే ముందు ఊళ్ళో దర్జీ దగ్గరికి వెళ్ళింది. అతనిది పుర్రచెయ్యి. చంద్రుడి మీద గాలి ఉండదని చెబితే నమ్మలేదు. గాలి లేని చోటు ఉంటుందాండీ అన్నాడు. నమ్మకపోయినా పైట అంచులో సన్నటి తీగ పెట్టి, ఓపిగ్గా కుట్టి ఇచ్చాడు. అతనికి ఆకాశం సంగతి ఏమీ తెలియదు. అంత దూరం ఒక్కత్తీ వెళ్ళిన పిల్ల దిగులుగా కనబడకూడదని మాత్రం తెలుసు. అక్కడ ఒంటరితనం మీదపడ్డప్పుడల్లా ఆమె ఆ పైట వంక చూసుకునేది. చంద్రుడి మీద ఆమెకి తగిలిన గాలి అదొక్కటే."

ఏడాదిపాటు తిరిగి సంపాదించిన ఖనిజాల్ని కొట్టేసి, ఆ చోట్లో నన్ను కూర్చోబెట్టారు ఆ మహానుభావుడు. చదివానని నేను ఆయన ముఖం మీదే అబద్ధం చెప్పాను.

పిల్లలూ, మీలో అట్టలు వేసేవాళ్ళెవరైనా ఉంటే లోపల ఏముందో ఒకసారి చదవండి. ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు, మీ యజమానికి నా పేరు చెప్పండి. ఆ గుంపులో నన్నూ చేర్చమన్నాను. కుక్కర్ తలకాయ మరమనిషినీ, కాళ్ళు తక్కువైన రొయ్యనీ కూడా పెట్టమన్నాను. తనివితీరా నవ్వుకోండి.

"ఈ ఫోటో కింద ఏమైనా రాస్తావా నాన్నా?" అంది అమ్మాయి. ఫోను తీసుకుని, ఎడమచేతి వేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ నేనే కొట్టాను.

"ఇప్పుడు చదివానండి, మాస్టారూ."